వ్యవసాయ గోదాములకు ఫోర్క్‌లిఫ్టు: కొనుగోలు, లీజు, అద్దెలలో ఏది లాభదాయకం?

రైతు ఉత్పత్తిదారుల సంస్థలు పంటను సేకరించి అమ్మడంతో ఆగక, గోదాములను స్వయంగా నిర్వహించే స్థాయికి ఎదుగుతున్నాయి. ధాన్యం, మొక్కజొన్న, మిర్చి బస్తాలను దించడం, దొంతరలుగా పేర్చడం, అమ్మకం కుదిరినప్పుడు తిరిగి బయటకు తీయడం గోదాము పనిలో ప్రధాన భాగం. పంట ఒక్కసారిగా వచ్చిపడే రోజుల్లో హమాలీలు చాలక లారీలు గేటు వద్ద నిలిచిపోయినప్పుడు, ఫోర్క్‌లిఫ్టు కొనాలన్న ప్రతిపాదన పాలకవర్గం ముందుకు వస్తుంది. ఈ నిర్ణయాన్ని తేలికగా తీసుకోరాదు. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన పది వేల సంస్థల పథకం కింద సభ్యుడికి రూ. 2,000 చొప్పున, ఒక సంస్థకు గరిష్ఠంగా రూ. 15 లక్షల వరకు మూలధన గ్రాంటు లభిస్తుంది. ఒక్క యంత్రం ఈ మొత్తంలో అధిక భాగాన్ని హరించగలదు. పంట తూకం వేసిన రోజే రైతుకు సొమ్ము చెల్లించడానికి ఉపయోగపడవలసిన మూలధనం ఏడాదిలో ఎనిమిది నెలలు షెడ్డులో నిలిచి ఉంటే, ఆ సంస్థపై సభ్యులకు ఉన్న నమ్మకమే సడలుతుంది.

యంత్రం అవసరమా?

ఫోర్క్‌లిఫ్టు విడి బస్తాలను మోయదు; ప్యాలెట్ అనే చట్రంపై పేర్చిన బస్తాలను ఒకేసారి ఎత్తుతుంది. కావున ప్యాలెట్లు, చదునైన గట్టి నేల, యంత్రం మలుపు తిరగడానికి తగినంత వెడల్పు గల దారి, ఎత్తైన ద్వారం ముందుగా ఉండాలి. బస్తాలను విడివిడిగా పేర్చే లారీలో ఎగుమతి, దిగుమతి పనులు యంత్రం వచ్చినా హమాలీలే చేయాలి. యంత్రం వల్ల అసలు ప్రయోజనం గోదాము లోపలి రవాణాలోను, ఎత్తుగా పేర్చడంలోను ఉంటుంది. పాత పద్ధతిలో అంతస్తులుగా చెక్కపలకల నేలతో కట్టిన శీతల గిడ్డంగులలో ఫోర్క్‌లిఫ్టు తిరగడానికి వీలుండదు. అటువంటి చోట కన్వేయరు లేదా చేతితో లాగే ప్యాలెట్ ట్రక్కు సరిపోతుందేమో ముందుగా పరిశీలించాలి.

సామర్థ్యాన్ని కూడా అవసరానికి తగినట్లే ఎంచుకోవాలి. 50 కిలోల బియ్యం బస్తాలు 20 పేర్చిన ప్యాలెట్ బరువు ఒక టన్ను. అదే సంఖ్యలో మిర్చి టిక్కీల బరువు అంతకంటే తక్కువ. యంత్రంపై రాసి ఉండే సామర్థ్యం సాధారణంగా ఫోర్కుల నిలువు ముఖం నుండి 500 మిల్లీమీటర్ల దూరంలో బరువు కేంద్రం ఉన్నప్పుడే వర్తిస్తుంది. సరుకు ముందుకు పొడుచుకొని వచ్చినా, ఎక్కువ ఎత్తుకు లేపినా ఆ సామర్థ్యం తగ్గుతుంది. ఈ తగ్గుదలకు చోటు వదిలి ఎంచుకోవాలే తప్ప, అవసరానికి రెట్టింపు సామర్థ్యం కొనడం వృథా.

మూడు మార్గాల స్వరూపం

కొనుగోలులో యంత్రం సంస్థ ఆస్తి అవుతుంది. తరుగుదల, వడ్డీ, బీమా, మరమ్మతులు అన్నీ సంస్థే భరించాలి. లీజులో మూడు నుండి ఐదు సంవత్సరాల కాలానికి నెలనెలా నిర్ణీత మొత్తం చెల్లించాలి; పని ఉన్నా లేకున్నా ఈ చెల్లింపు ఆగదు. అద్దెలో వాడిన నెలలకే చెల్లింపు ఉంటుంది. నెలసరి మొత్తం ఎక్కువైనా బాధ్యత సీజనుతో ముగుస్తుంది. మరమ్మతుల భారం సాధారణంగా యజమానిదే.

వ్యయాల గణన

ఈ మార్గాలను యంత్రం ధరను బట్టి కాక, సంవత్సరంలో అది పనిచేసే కాలాన్ని బట్టి పోల్చాలి. దీనిని ఒక ఊహాత్మక ఉదాహరణతో వివరించవచ్చు. ఇందులోని అంకెలు గణన పద్ధతిని చూపడానికి మాత్రమే. ప్రతి సంస్థ తనకు అందిన కొటేషన్లలోని అంకెలను వీటి స్థానంలో వేసుకోవాలి.

పన్నుతో కలిపి ధర రూ. 12,00,000, జీవితకాలం 10 సంవత్సరాలు, చివరకు అమ్మితే వచ్చే విలువ రూ. 2,40,000 అనుకుంటే, ఏటా తరుగుదల రూ. 96,000. సగటు పెట్టుబడి రూ. 7,20,000పై 10 శాతం వడ్డీ రూ. 72,000. బీమా, షెడ్డు ఖర్చు ధరలో 2 శాతం చొప్పున రూ. 24,000. మొత్తం స్థిర వ్యయం రూ. 1,92,000. యంత్రం ఒక్క గంట కూడా కదలకున్నా ఈ ఖర్చు తప్పదు. దీనికి గంటకు రూ. 60 చొప్పున, నెలకు 200 గంటల పనికి రూ. 12,000 మరమ్మతు ఖర్చు కలపాలి.

అద్దె నెలకు రూ. 40,000, యంత్రాన్ని తెచ్చి తిరిగి పంపే రవాణాకు రూ. 20,000 అనుకుందాం. మరమ్మతులు కూడా కలిసి ఉన్న లీజు నెలకు రూ. 27,000. డీజిలు, డ్రైవరు జీతం మూడింటిలోను సమానమని భావించినందున వాటిని పోలికలో చేర్చలేదు.

పట్టిక: వాడకాన్ని బట్టి వార్షిక వ్యయం (రూపాయలలో)

| వాడిన నెలలు | కొనుగోలు | లీజు | అద్దె |
|---|---|---|---|
| 3 | 2,28,000 | 3,24,000 | 1,40,000 |
| 4 | 2,40,000 | 3,24,000 | 1,80,000 |
| 6 | 2,64,000 | 3,24,000 | 2,60,000 |
| 7 | 2,76,000 | 3,24,000 | 3,00,000 |
| 10 | 3,12,000 | 3,24,000 | 4,20,000 |
| 12 | 3,36,000 | 3,24,000 | 5,00,000 |

కొనుగోలు వ్యయం, అద్దె వ్యయం సమానమయ్యే స్థానం 6 నెలలు దాటిన వెంటనే వస్తోంది. స్థిర వ్యయం నుండి రవాణా ఖర్చును తీసివేసి, మిగిలిన రూ. 1,72,000ను నెలసరి అద్దెకు, నెలసరి మరమ్మతుకు మధ్యగల తేడా రూ. 28,000తో భాగిస్తే ఈ సంఖ్య లభిస్తుంది. నాలుగు నెలల సీజను మాత్రమే గల గోదాముకు అద్దె వల్ల ఏటా రూ. 60,000 ఆదా అవుతుంది. పది నెలలు పని ఉన్న గోదాము అద్దెనే కొనసాగిస్తే, కొనుగోలుతో పోలిస్తే రూ. 1,08,000 అదనంగా చెల్లిస్తుంది. వర్షాభావం వల్ల రాక తగ్గి పని మూడు నెలలకు కుదించుకుపోతే అద్దె భారం దానితో పాటే తగ్గుతుంది. లీజు భారం ఒక్క రూపాయి కూడా తగ్గదు. సంవత్సరం పొడవునా పని ఉండి, మూలధనాన్ని ఇతర అవసరాలకు నిలుపుకోదలచిన సంస్థకే లీజు అనువైనది.

పాత యంత్రం కొంటే లెక్క పూర్తిగా మారిపోతుందన్న అభిప్రాయమూ సరికాదు. రూ. 5,00,000కు కొన్న పాత యంత్రాన్ని ఐదేళ్లు వాడి రూ. 1,50,000కు అమ్మవచ్చని, మరమ్మతులు రెట్టింపవుతాయని భావిస్తే స్థిర వ్యయం రూ. 1,12,500కు తగ్గుతుంది. కాని అద్దెతో సమానమయ్యే స్థానం మాత్రం 5.8 నెలల వద్దే ఉంటుంది. చెల్లించే ధర తక్కువైనా, మరమ్మతులు ఆ లాభాన్ని చాలావరకు మింగివేస్తాయి.

కొటేషనులో కనిపించని అంశాలు

మూసిన గోదాములోను, శీతల గిడ్డంగిలోను డీజిలు పొగ సరుకుకు, మనుషులకు హానికరం కనుక విద్యుత్ ఫోర్క్‌లిఫ్టునే ఎంచుకోవాలి. అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీని సీజను ముగిశాక ఛార్జింగు చేయకుండా వదిలివేస్తే పలకలపై సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ శాశ్వతంగా బలహీనపడుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఖాళీగా ఉండే యంత్రాన్ని సొంతంగా ఉంచుకుంటే ఈ సంరక్షణ బాధ్యత కూడా సంస్థదే. ఛార్జింగు సమయంలో హైడ్రోజను వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ధారాళంగా వచ్చే ప్రత్యేక స్థలం ఏర్పాటు చేయాలి. చలిలో బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుందన్న సంగతిని పని గంటల అంచనాలో చేర్చాలి.

పన్ను విషయంలోను జాగ్రత్త అవసరం. వ్యవసాయ ఉత్పత్తుల నిల్వ, ఎగుమతి, దిగుమతి సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మినహాయింపు గల సేవలకు మాత్రమే యంత్రాన్ని వాడే సంస్థకు, దానిపై చెల్లించిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ లభించదు. కనుక మూడు మార్గాలనూ పన్నుతో కలిపిన మొత్తాలతోనే పోల్చాలి. ఆదాయపు పన్ను లెక్కలలో సాధారణ యంత్రాలకు తగ్గుతున్న విలువపై 15 శాతం తరుగుదల అనుమతిస్తారు; కొన్న సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే లభిస్తుంది. సీజను చివర కొనే వారు దీనిని గమనించాలి.

ఒప్పందంలో చూడవలసినవి

అద్దెకు ఉన్న ప్రధాన లోపం, చుట్టుపక్కల గోదాములన్నింటికీ యంత్రం ఒకే సమయంలో అవసరం కావడం. కనుక పంట రాకకు కనీసం రెండు నెలల ముందే తేదీలతో సహా రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. నెలసరి గంటల పరిమితి ఎంత, పరిమితి దాటితే గంటకు ఎంత, అద్దెలో డ్రైవరు ఉన్నాడా, యంత్రం ఆగిపోతే ఎన్ని గంటలలో బదులు యంత్రం ఇస్తారు, ప్రమాదం జరిగితే బీమా ఎవరిది అన్న విషయాలు ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. లీజులో గడువుకు ముందే వైదొలగితే చెల్లించవలసిన మొత్తాన్ని, గడువు తీరాక యంత్రం ఎవరికి చెందుతుందన్న అంశాన్ని సంతకానికి ముందే పరిశీలించాలి. మార్గం ఏదైనా, శిక్షణ పొందిన డ్రైవరునే నియమించాలి. ఫోర్కులపై మనుషులను ఎక్కించి పైకి లేపడాన్ని పూర్తిగా నిషేధించాలి. ఫోర్కుల మడమ భాగం మందం పదవ వంతు అరిగితే వాటిని మార్చివేయాలి.

అనుసరణీయ విధానం

యంత్రం వాడకంలో అనుభవం లేని సంస్థ మొదటి రెండు సీజన్లు అద్దె యంత్రంతో నడపడం మంచిది. ప్రతిరోజూ గంటల మీటరు అంకెను, ఎత్తిన ప్యాలెట్ల సంఖ్యను, యంత్రం ఆగిన సమయాన్ని రిజిస్టరులో నమోదు చేయాలి. ఆ రిజిస్టరు ఆధారంగా సమాన వ్యయ స్థానాన్ని లెక్కించి, రెండు సంవత్సరాలలో తక్కువ పని జరిగిన సంవత్సరం కూడా ఆ స్థానాన్ని దాటినప్పుడే కొనుగోలుకు పూనుకోవాలి. దాటకపోతే, వేర్వేరు కాలాలలో పంట వచ్చే పొరుగు సంస్థతో కలిసి యంత్రాన్ని ఉమ్మడిగా కొనే అవకాశం పరిశీలించవచ్చు. ఒకరికి ఖరీఫ్ ధాన్యం నవంబరు, డిసెంబరు నెలల్లోను, మరొకరికి మిర్చి ఫిబ్రవరి నుండి మే వరకు వస్తే ఒకే యంత్రం ఇద్దరి అవసరాలనూ తీర్చగలదు. స్థిర వ్యయమూ ఇద్దరి మధ్య పంచుకోబడుతుంది. సభ్యుల వాటా ధనంతో నడిచే సంస్థలో యంత్రం కొనుగోలు హోదాకు చిహ్నం కారాదు. అది పనిచేసిన గంటలే దాని కొనుగోలును సమర్థించాలి.