అమ్మ గదికి వెచ్చని నేల

ప్రశ్న: ఎల్లారెడ్డిలో ఇల్లు కడుతున్నాం. చలికాలంలో అమ్మ బండల మీద కాలు పెట్టలేకపోతోంది. అమెరికాలో తమ్ముడి ఇంట్లోలా నేల కింద హీటింగ్ వేయించొచ్చా?

జవాబు: వేయించండి, కానీ ఇల్లంతా వద్దు. దాని మేలు నిజమే: వేడి పాదాల దగ్గర మొదలై గదంతా సమంగా పరుచుకుంటుంది, చప్పుడుండదు. అయితే కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు చలి గట్టిగా ఉండేది డిసెంబర్, జనవరి రాత్రుళ్లే. అమ్మగారి గదికి మాత్రం టైల్స్ కింద ఎలక్ట్రిక్ మ్యాట్ చాలు. దాని కింద ఇన్సులేషన్ షీటు లేకపోతే వేడి భూమిలోకి పోతుంది, మీకు కరెంటు బిల్లే మిగులుతుంది. థర్మోస్టాట్, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి. నేల 29 డిగ్రీలు దాటనివ్వకండి. షుగర్‌తో పాదాలు మొద్దుబారితే వేడి తెలియక బొబ్బలెక్కొచ్చు, జాగ్రత్త. మిగిలే డబ్బుతో స్లాబుకు తెల్లని కూల్ రూఫ్ పూత వేయించండి. మే నెల ఎండలకు అమ్మగారికి అదే ఎక్కువ అవసరం.