సర్కారు కొనుగోళ్ళలో పల్లె పరిశ్రమకు పాలు

ప్రభుత్వము పరిపాలన సాగించుటయే గాక సరుకులను కొనును కూడ. కార్యాలయములకు బల్లలు, వసతి గృహములకు దుప్పట్లు, గనులకు పనిముట్లు, మరమ్మతు సేవలు, ఇవన్నియు ఏటేట ప్రజాధనముతో కొనబడుచున్నవి. కాటారమునకు చేరువనే భూపాలపల్లిలో సింగరేణి గనులును, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రమును కలవు. అయినను పల్లెలోని వడ్రంగికి, వెల్డింగు పనివానికి, కుట్టుపని చేయు మహిళా సంఘమునకు ఈ కొనుగోళ్ళు తమకు అందనివిగనే తోచును. పంచాయతీ సభ్యులు గ్రహించి పదుగురికి తెలుపుటకై ముఖ్య విషయములను ఇచట వివరించుచున్నాము.

చట్టమిచ్చిన చేయూత

చిన్న పరిశ్రమలకు సర్కారు ఆర్డరులు లభింపజేయు యత్నము క్రొత్తది కాదు. జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ 1955లోనే స్థాపితమైనది. 2012 నాటి కేంద్ర ఉత్తర్వు, తరువాతి సవరణలతో కూడి, కేంద్ర శాఖలును కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలును తమ వార్షిక కొనుగోళ్ళలో 25 శాతము సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండి కొనవలెనని నిర్దేశించుచున్నది. అందు 4 శాతము షెడ్యూల్డు కులములు, తెగలవారి పరిశ్రమలకును, 3 శాతము మహిళల పరిశ్రమలకును ప్రత్యేకింపబడినది. అట్టి పరిశ్రమలకు టెండరు పత్రములు ఉచితము. ధరావతు సొమ్ము మినహాయింపు.

ఒక ఉదాహరణము చూతము. పెద్ద కంపెనీ ఒక వస్తువునకు 100 రూపాయలు కోరి అందరికంటె తక్కువ ధర చెప్పినది. మన చిన్న పరిశ్రమ 112 కోరినది. వ్యత్యాసము 15 శాతమునకు లోబడియున్నందున, 100 రూపాయలకే ఇచ్చుటకు అంగీకరించినచో ఆ ఆర్డరులో కొంత భాగము దానికి దక్కును. అయితే 100కు తనకు గిట్టునా యని ముందుగనే లెక్క చూచుకొనవలెను.

ఈ ఉత్తర్వు సరుకులకును సేవలకును వర్తించును. భవనములు, రోడ్ల కాంట్రాక్టులకు వర్తింపదు. సింగరేణిలో రాష్ట్రమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటా కలదు. కావున అచటి రాయితీలను ఆయా టెండరు పత్రమునందే చదివి తెలిసికొనవలెను.

చేయవలసిన పనులు

మొదటిది, ఉద్యమ్ నమోదు. 2020 జూలై 1 నుండి అమలునందున్న ఈ నమోదునకు రుసుము లేదు. దళారికి పైకమిచ్చుట వ్యర్థము. రెండవది, 2016లో ప్రారంభమైన గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, అనగా 'జెమ్' నందు అమ్మకందారుగా చేరుట. రాష్ట్ర శాఖల టెండర్లకై తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదిక వేరుగ కలదు. మూడవది, పాన్, బ్యాంకు ఖాతా, జీఎస్టీ వర్తించినచో దాని నమోదు, పూర్వము చేసిన పనుల బిల్లులు ఒక్కచోట భద్రపరచుట. ఒక్క కాగితము లోపించినను, గడువు ఒక్క నిమిషము మించినను, మంచి ధర చెప్పినవాడు సైతము పోటీనుండి తొలగిపోవును.

సొమ్ము రాకున్నచో

సరుకిచ్చి డబ్బు అందక కుదేలైన చిన్న పరిశ్రమలు లేకపోలేదు. అప్పు తెచ్చి ముడిసరుకు కొన్నవానికి ఆలస్యమే నష్టము. 2006 నాటి చట్టము ప్రకారము, ఒప్పందమున్నను సరుకు స్వీకరించిన 45 దినములలోపు చెల్లింపు జరుగవలెను. జరుగనిచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్ల చక్రవడ్డీ కోరవచ్చును. ఫెసిలిటేషన్ కౌన్సిలునకు ఫిర్యాదు చేయవచ్చును. అందుకే సరుకు అందినట్లు తేదీతో కూడిన రసీదు తప్పక పొందవలెను.

సభ్యుల బాధ్యత

గ్రామములో ఎవరెవరు ఏయే వస్తువులు చేయగలరో పట్టిక వ్రాయించుడు. జిల్లా పరిశ్రమల కేంద్రపు అధికారిని గ్రామసభకు ఆహ్వానింపుడు. టెండరు ప్రకటనలను పంచాయతీ కార్యాలయమున చదివి వినిపింపుడు. అయితే ఒక్క జాగ్రత్త: సభ్యుడు తన పంచాయతీ కాంట్రాక్టులో స్వలాభము కలిగియుండుట అనర్హతకు దారితీయును. సహాయము అందరికిని సమానముగ ఉండవలెను. ఒకనికి చెవిలో చెప్పి మరియొకనికి దాచరాదు.

ప్రజల పన్నులనుండి కొన్న బల్ల ప్రజలలోని వడ్రంగియే చేసినదైనచో, ఆ ధనము తిరిగి పల్లెకే చేరును. అందుకు మొదటి మెట్టు సమాచారము. దానిని ఇంటింటికి చేర్చుట మీ చేతిలోని పని.