నేల తేమ నమోదు పరికరాలలో అర్రేల ప్రారంభ విలువలు: మెమరీ వినియోగంపై ప్రభావం

సారాంశం

నేల తేమను కొలిచి బిందుసేద్యపు వాల్వును నడిపే చిన్న పరికరాలలో మెమరీ చాలా పరిమితం. ప్రోగ్రాములోని అర్రేకు ప్రారంభ విలువను ఎక్కడ, ఎలా ఇచ్చారన్న దానిపై మెమరీ వ్యయమే కాక నీటి తడి నిర్ణయం కూడా ఆధారపడుతుంది. ఈ అంశాన్ని ఆర్డ్యునో యునో బోర్డు ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

మదనపల్లె, పుంగనూరు పరిసరాలలో బోరుబావుల కింద టమాటా సాగు విస్తారంగా జరుగుతుంది. రామసముద్రం మండలంలోని ఒక టమాటా మడిలో పరికరాన్ని అమర్చి, 15 నిమిషాలకొకసారి తేమ శాతాన్ని నమోదు చేస్తున్నట్లు ఊహించవచ్చు. రోజుకు 96, వారానికి 672 నమోదులు అవుతాయి. యునోలోని ఏటీమెగా 328పి చిప్‌లో ర్యామ్ 2,048 బైట్లు, ఫ్లాష్ మెమరీ 32,768 బైట్లు మాత్రమే.

అర్రే పరిమాణం

ఈ చిప్‌పై సాధారణ పూర్ణాంకానికి 2 బైట్లు, దశాంశ సంఖ్యకు 4 బైట్లు పడతాయి. 672 నమోదులకు దశాంశ అర్రే 2,688 బైట్లు కోరుతుంది. అది ర్యామ్‌లో పట్టదు. పూర్ణాంక అర్రేకు 1,344 బైట్లు చాలు. తేమ శాతం 0 నుండి 100 లోపే ఉంటుంది కనుక ఒక్కో నమోదుకు ఒక బైటు సరిపోతుంది. అప్పుడు మొత్తం 672 బైట్లే.

ప్రారంభ విలువ, మెమరీ విభాగం

సీ భాషలో ప్రారంభ విలువ లేని గ్లోబల్ అర్రే బీఎస్‌ఎస్ విభాగానికి చేరుతుంది. ప్రోగ్రాము మొదలైనప్పుడు అది సున్నాలతో నిండుతుంది. దానికి ర్యామ్ కావాలి గాని, విలువల ప్రతి ఫ్లాష్‌లో ఉండనక్కరలేదు. సున్నా కాని విలువ ఒక్కటి ఇచ్చినా అర్రే మొత్తం డేటా విభాగానికి మారుతుంది. అప్పుడు ర్యామ్‌తో పాటు ఫ్లాష్‌లోనూ అంతే స్థలం ఖర్చవుతుంది.

ఫంక్షన్ లోపల ప్రకటించిన అర్రే స్టాక్‌లో ఉంటుంది. విలువ ఇవ్వకపోతే అందులో పాత విలువలే మిగిలి ఉంటాయి. కంపైలరు చూపే ర్యామ్ లెక్కలో ఇది చేరదు కనుక, నివేదిక బాగున్నా పొలంలో పరికరం ఆగిపోవచ్చు.

సెన్సరు ఇచ్చే 0 నుండి 1,023 వరకు గల అంకెలను తేమ శాతంగా మార్చే పట్టికకు 1,024 బైట్లు పడతాయి. దానిని కాన్‌స్ట్ అని ప్రకటించినంత మాత్రాన ఈ చిప్‌పై ర్యామ్ మిగలదు. ప్రోగ్‌మెమ్ అని సూచించి, ఫ్లాష్ నుండి చదివే ప్రత్యేక ఫంక్షన్‌తో చదవాలి. నమోదులకు 672, పట్టికకు 1,024 కలిపితే 1,696 బైట్లు. స్టాక్‌కు, ఇతర లైబ్రరీలకు మిగిలేది 352 బైట్లే. పట్టికను ఫ్లాష్‌కు తరలిస్తే 1,376 బైట్లు మిగులుతాయి.

సున్నా వల్ల వచ్చే పొరపాటు

మెమరీ పరంగా సున్నా చౌక. కాని తేమ విషయంలో సున్నా అంటే పూర్తిగా ఎండిన నేల అని అర్థం. మొదటి రోజు 96 నమోదులూ 30 శాతంగా ఉండి, మిగిలిన 576 గడులు సున్నాలైతే వారపు సగటు 4.3 శాతంగా వస్తుంది. తడి అవసరం లేని మడికి వాల్వు తెరుచుకుంటుంది; బోరు నీరు వృథా అవుతుంది. అందుచేత నమోదు కాని గడికి 255 గుర్తుగా ఉంచి, సగటులో దానిని వదిలివేయాలి.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడతారు. విలువల జాబితాలో 255 అని ఒక్కసారి రాస్తే మొదటి గడికే ఆ విలువ వస్తుంది, మిగిలినవి సున్నాలే. పైగా ఫ్లాష్‌లో 672 బైట్లు అదనంగా ఖర్చవుతాయి. అర్రేను విలువ లేకుండా ప్రకటించి, సెటప్ ఫంక్షన్‌లో మెమ్‌సెట్‌తో అన్ని గడులనూ 255తో నింపడం మేలు.

పెద్ద కంప్యూటర్లలో

ఉపగ్రహ చిత్రాల విశ్లేషణలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పైథాన్‌లోని నంపైలో 10,000 వరుసలు, 10,000 నిలువులు గల అర్రేను రకం చెప్పకుండా సున్నాలతో సృష్టిస్తే 80 కోట్ల బైట్లు కేటాయింపు అవుతాయి. ఒక బైటు రకం ఎంచుకుంటే 10 కోట్లు చాలు. లినక్స్‌లో ఇటువంటి పెద్ద సున్నా అర్రేకు భౌతిక మెమరీ సాధారణంగా గడులను వాడుతున్న కొద్దీ మాత్రమే చేరుతుంది; ఒకట్లతో నింపితే వెంటనే మొత్తం ఖర్చవుతుంది.

ముగింపు

విలువల పరిధిని బట్టి అర్రే రకాన్ని నిర్ణయించాలి. మారని పట్టికలను ఫ్లాష్‌లో ఉంచాలి. నమోదు లేని గడికి కొలతలో రాని విలువను గుర్తుగా ఎంచుకోవాలి. పరికరాన్ని రైతు పొలానికి పంపే ముందు, వారం నిండని అర్రేతో వాల్వు నిర్ణయాన్ని తప్పక పరీక్షించాలి.