దమ్ముల వేళ పాత ట్రాక్టరు: ఏ ఆయిలు, ఎన్ని గంటలకు

పునర్వసు, పుష్యమి కార్తెలు వరి దమ్ములకు అసలైన అదను. వానలు వేళకు పడిన ఏడు ఈ పని నెల రోజుల పైన తీరుబడిగా సాగుతుంది గానీ, కాలువ నీరు ఆలస్యమై, మడిలో నారు ముదురుతున్న దశలో ఒక్కసారిగా ముసురు పట్టిన ఏడు ఊరి పొలాలన్నీ పది పన్నెండు రోజుల్లోనే దమ్ము కావలసి వస్తుంది. అప్పుడు డ్రైవర్లు వంతులు మారుతుంటారే తప్ప ట్రాక్టరు మాత్రం రోజుకు పద్నాలుగు గంటలు దిగకుండా తిరుగుతుంది. ముప్పై ఏళ్ల కిందటి మహీంద్రా బి-275, మాసీ ఫెర్గూసన్ 1035, స్వరాజ్ 735, హెచ్‌ఎంటీ 2511 వంటి బండ్లకు ఇది గడ్డుకాలం. బేరింగులు పట్టేసి, లైనర్లు గీతలు పడి ఇంజిను విప్పవలసి వచ్చిన సందర్భాల్లో చాలావాటికి మూలం ఈ పన్నెండు రోజుల్లో ఆయిలు విషయంలో జరిగిన అశ్రద్ధలోనే ఉంటుంది.

ఇంజినులో ఆయిలు రాపిడిని తగ్గించడంతో పాటు పిస్టను వేడిని లాగుతుంది, మసిని, లోహపు రజనును తనలో కలుపుకొని ఫిల్టరుకు చేరుస్తుంది, డీజిల్ మండినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచేస్తుంది. దమ్ములో దమ్ము చక్రాలు బురదను చీల్చుకుంటూ తిరగడం వల్ల ఇంజిను మీద బరువు నిరంతరం ఉంటుంది, ట్రాక్టరు వేగం మాత్రం నడక పాటిగానే ఉంటుంది, రేడియేటరు జాలీకి బురద తుంపర్లు అతుక్కొని చల్లదనం తగ్గుతుంది. పైగా పాత ఇంజినులో అరిగిన రింగుల సందుల్లోంచి మండిన వాయువులు, మసి, కాలని డీజిల్ సంపులోకి దిగుతాయి. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అని చెప్పేది దీన్నే. అందుచేత పాత ఇంజినులో ఆయిలు తనంతట తాను కాలం తీరి చెడదు, దానిలోకి దిగే మసితో, డీజిల్‌తో, నీటితో చెడుతుంది. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిన రైతుకు డబ్బా ఎంచుకోవడం సులువవుతుంది.

డబ్బా మీద చదవవలసిన గుర్తులు రెండే. మొదటిది 15డబ్ల్యు-40 లేదా 20డబ్ల్యు-40 వంటి అంకె, ఇది చిక్కదనాన్ని, అంటే శాస్త్ర పరిభాషలో స్నిగ్ధతను తెలుపుతుంది. డబ్ల్యు అక్షరానికి ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత తేలికగా పారుతుందో, వెనుకనున్న అంకె ఇంజిను కాగిన తర్వాత ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఒకే అంకె ఉన్నదాన్ని మోనోగ్రేడ్ అని, రెండు అంకెలున్నదాన్ని మల్టీగ్రేడ్ అని అంటారు. పాత ట్రాక్టర్ల పుస్తకాల్లో చలికాలానికి 30, ఎండాకాలానికి 40 అని వేర్వేరుగా రాసి ఉండడం సాధారణం. ఆ రెండింటి పనీ నేటి 15డబ్ల్యు-40 ఒక్కటే చేయగలదు. పుస్తకంలో 40 అని ఉన్న బండికి వానాకాలంలో మోనోగ్రేడ్ 40 పోసినా నష్టం లేదు గానీ, ఆదిలాబాద్ వంటి చోట పుష్యమాసపు తెల్లవారుజామున అదే ఆయిలు గట్టిపడి, స్టార్టు చేసిన తొలి క్షణాల్లో పైనున్న రాకర్ల దాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది, అరుగుదలలో పెద్ద భాగం ఆ క్షణాల్లోనే జరుగుతుంది.

రెండో గుర్తు ఏపీఐ అనే మాట పక్కనున్న అక్షరాలు, ఇవి నాణ్యత తరగతిని తెలుపుతాయి. సీ అక్షరంతో మొదలయ్యేవి డీజిల్ ఇంజిన్లకు, ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజిన్లకు ఉద్దేశించినవి. చివరనున్న 4 నాలుగు స్ట్రోకుల ఇంజినుకు గుర్తు. సీసీ, సీడీ తరగతులు ఈ ట్రాక్టర్లు పుట్టిన నాటివి, తర్వాత సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, సీకే-4 వరుసగా వచ్చాయి. సీడీ అడిగిన ఇంజినుకు సీహెచ్-4 గాని, సీఐ-4 గాని నిశ్చింతగా పోయవచ్చు. మోటారు సైకిలుకు కొన్న డబ్బాలో మిగిలిన ఆయిలును ట్రాక్టరులో వంపడం మాత్రం తగదు, డీజిల్ మసిని పట్టి ఉంచే శక్తి దానికి చాలదు.

ఇక అంగళ్లలో నడుస్తున్న తంతు. సీకే-4 తరగతి ప్రధానంగా పొగ గొట్టంలో మసిని పట్టే ప్రత్యేక ఫిల్టరు ఉన్న కొత్త వాహనాల కోసం రూపొందినది. ఆ ఫిల్టరే లేని ముప్పై ఏళ్ల ట్రాక్టరుకు దాన్ని తప్పనిసరి అని అంటగట్టడం రైతు జేబు కొట్టడమే. సింథటిక్ ఆయిలుకు గుణం లేకపోలేదు, అది గడ్డకట్టే చలిలోనూ, చాలాకాలం మార్చకుండా నడిపే వాహనాల్లోనూ కనబడుతుంది. మసితో నాలుగు వారాల్లో నల్లబడి నిండిపోయే పాత ఇంజినులో ఆ దీర్ఘాయువు ఎవరికి పనికొస్తుంది? పొగ తగ్గిస్తామని, పికప్ పెంచుతామని అమ్మే చిన్న సీసాల సంగతి చెప్పనక్కరలేదు, మంచి ఆయిలులో కలపవలసిన రసాయనాలన్నీ తయారీలోనే కలిపి ఉంటాయి. నీలం పొగ వస్తున్నదంటే ఆయిలు కాలుతున్నదని అర్థం. ఒక మెట్టు చిక్కటి ఆయిలుతో ఆ ఒక్క సీజను నెట్టుకురావచ్చు గాని, రోజంతటి పనికి లీటరు ఆయిలు తిరిగి పోయవలసి వస్తున్న ఇంజినుకు కావలసినది రింగులు, లైనర్ల మరమ్మతే. ఖరీదైన ఆయిలు పోసి గడువు దాటించడం కంటె సీహెచ్-4 తరగతి సాధారణ ఆయిలును వేళకు మార్చడం పాత ఇంజినుకు నిశ్చయంగా మేలు.

వేళ అంటే ఎంత అన్నది తరువాతి ప్రశ్న. 1990ల తొలినాళ్లలో మన దేశంలో డీజిల్‌లో గంధకం ఒక శాతం దాకా అనుమతించేవారు, అది మండి ఆమ్లంగా మారి ఆయిలును త్వరగా పాడుచేసేది కాబట్టి అప్పటి పుస్తకాల్లో వంద, నూటపాతిక గంటలకే మార్చమని రాయడం కద్దు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పదిలక్షల భాగాలకు 10 భాగాలు మించదు. దీన్ని బట్టి గడువును రెట్టింపు చేయవచ్చునని కొందరు వాదిస్తారు. ఇంజిను బిగువుగా ఉండి, ఆయిలు మంచి తరగతిదైతే 250 గంటల దాకా ఆ వాదం చెల్లుతుంది, బ్యాక్ కంప్రెషన్ ఉన్న ఇంజినుకు చెల్లదు. అటువంటి బండికి 150 గంటలు దాటనీయరాదు.

పాత ట్రాక్టర్లలో గంటల మీటరు పనిచేయకపోవడం మామూలే గనుక డీజిల్ లెక్క పెట్టుకోవడం మేలు. దమ్ములో 35 హెచ్‌పీ ట్రాక్టరు గంటకు సుమారు నాలుగు లీటర్లు తాగుతుందనుకుంటే 600 లీటర్లు కొనేసరికి 150 గంటలు నిండినట్టు. బంకు రసీదులు ఒక తీగకు గుచ్చి పెట్టుకున్నా, కొట్టం తలుపు మీద సుద్దతో గీతలు గీసినా లెక్క తేలుతుంది. రోజుకు పద్నాలుగు గంటల వంతున పన్నెండు రోజులంటే 168 గంటలు. అంటే పది నెలలుగా సంపులో ఉండి గంటలు నిండిన ఆయిలుతో దమ్ములోకి దిగిన బండి, గడువు తీరిన తర్వాత మరో నిండు గడువు నడుస్తున్నదన్నమాట. దమ్ముకు ముందొకసారి, ముగిసిన వెంటనే మరొకసారి మార్చడమే దీనికి మార్గం. 600 లీటర్ల డీజిల్‌కు వెరవని చేయి ఏడెనిమిది లీటర్ల ఆయిలు దగ్గర వెనకాడడం సరికాదు. ఫిల్టరు మార్చకుండా ఆయిలు మాత్రం మార్చడం కడగని కుండలో పాలు పోయడం వంటిది. గిన్నె ఫిల్టరున్న బండ్లలో పాత రబ్బరు రింగు గాడిలోనే ఉండిపోయి, దానిమీద కొత్తది కూర్చుంటే ఆయిలు కారిపోతుందని మరవరాదు.

ఏళ్ల తరబడి లూజు ఆయిలుతో నడిచిన ఇంజినుకు మంచి ఆయిలు పోసినప్పుడు లోపల పేరుకున్న జిడ్డుమడ్డి కరిగి ఫిల్టరును మూసివేయవచ్చు. అలాంటి బండికి తరగతి మార్పు దమ్ము నడుమ చేయరాదు. తీరిక రోజుల్లో చేసి, తొలి విడత ఆయిలును, ఫిల్టరును 50 గంటలకే తీసివేయాలి. సంపులో కిరోసిన్ గాని డీజిల్ గాని పోసి ఇంజిను నడిపి కడగడం కొన్ని షెడ్లలో ఇంకా సాగుతున్నది, అది బేరింగులను పొడిగా తిప్పి అరగదీయడమే కాక, మిగిలిన తడి కొత్త ఆయిలును పలుచన చేస్తుంది. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగం మూసివేతకు కేంద్రం 2016లోనే ఆమోదం తెలిపినందున ఆ బండ్ల యజమానులు ఆయిలు తరగతి, గడువు తెలిపే పాత పుస్తకాన్ని పోగొట్టుకోకుండా భద్రపరచాలి.

దమ్ము రోజుల్లో తెల్లవారి ఇంజిను చల్లగా ఉండగానే గేజి కడ్డీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. కడ్డీ మీది ఆయిలు నల్లగా ఉందని కంగారు అక్కరలేదు. మసిని తనలో పట్టి ఉంచిన ఆయిలు నల్లబడక మానదు, మార్చిన రెండో రోజే నల్లబడినా అది తన పని చేస్తున్నట్టే. ఆయిలు మట్టం గీత కంటె పైకి పెరగడం అసలు ప్రమాదం. పెరిగిన ఆయిలు పలుచగా వేళ్ల మధ్య నిలవక, డీజిల్ వాసన వేస్తుంటే నాజిల్ గాని, డీజిల్‌ను తోడే చిన్న పంపులోని పొర గాని చెడిందని, పాలు కలిపిన టీ రంగులో ఉంటే హెడ్ గ్యాస్కెట్ నుంచో, లైనరు అడుగు రబ్బరు రింగుల నుంచో రేడియేటరు నీరు దిగుతున్నదని గ్రహించాలి. ఈ రెండింటిలో ఏది కనబడినా ఎకరం మిగిలి ఉన్నా సరే బండి ఆపవలసిందే.

గేరు ఆయిలు తెల్లబడితే యాక్సిలు సీళ్ల నుంచి మడి నీరు చేరిందని తెలుసుకొని దాన్నీ మార్చాలి. ఆయిలు గిన్నె ఉన్న ఎయిర్ క్లీనరుకు దమ్ములో కంటె మెట్ట దుక్కుల్లో, నూర్పిళ్లలో శ్రద్ధ ఎక్కువ కావాలి. సీలు తీయని డబ్బానే రసీదుతో కొని, ఖాళీ అయ్యాక దానికి చిల్లు పొడిచి పారేస్తే నకిలీ సరుకు నింపేవారికి అది అందదు. తీసిన ఆయిలు చర్మానికి, పశువుకు, నీటికి హానికరమైనది, దాన్ని పశువుల పుండ్లకు రాయడం, బోదెల్లో పారబోయడం మాని, డబ్బాలో పట్టి వాడిన ఆయిలు సేకరించేవారికి ఇవ్వాలి.

  

దమ్ము ఇంకా మొదలుపెట్టని రైతులు ఈ వారంలోనే సంపు ఖాళీ చేసి, ఫిల్టరు మార్చి, మార్చిన తేదీని బానెట్ లోపలివైపు రాసి పెట్టుకోవాలి.