ఆట కూడా సుగుణమే

ఆదివారం మధ్యాహ్నం అరుగుమీద పిల్లలు గవ్వలు వేసి అష్టాచెమ్మా ఆడుతుంటే "జపమాల చెప్పుకోక ఈ ఆటలేమిటి?" అని గద్దిస్తున్నారా? 13వ శతాబ్దపు శ్రీసభ పండితులు పునీత తోమాసు అక్వినాసువారు ఆ మాట అనలేదు. శరీరపు అలసటకు విశ్రాంతి ఎలాగో, మనసు అలసటకు వినోదం అలాగన్నారు. అయితే అసభ్యత కూడదు, మనసు అదుపు తప్పకూడదు, వేళా స్థలమూ ఎరగాలి. పేకాటలో పందెం కాసే పెద్దలు రెండవ మాటవద్ద కాస్త ఆగండి.

అంతటితో ఊరుకోలేదు వారు. తాను నవ్వక, నవ్వేవారినీ కసురుకొనేవానిది కూడా దోషమేనని 'సుమ్మా'లో రాశారు! సెమినరీలో ఇది చదివి ఉలిక్కిపడ్డాను. నా స్వభావం అదే. ఇప్పుడు సాయంకాలం ప్రకాశం బ్యారేజీమీద కృష్ణ గాలికి నడుస్తున్నాను. మొన్న విచారణ పిల్లలు ఆటకు కూర్చోబెట్టారు. నా నాలుగు కాయలనూ చంపేశారు.