హెడ్‌ఫోన్లు కొనబోవు మనుమనికి



నీ ఉత్తరము మొన్న శుక్రవారము అందినది. మొదటి జీతము చేతికి రాగానే మేలుజాతి హెడ్‌ఫోన్ ఒకటి కొనవలెనని నీవు సంకల్పించుటయు, అందుకై పెండ్లికొడుకుల జాతకముల వలె కొన్ని హెడ్‌ఫోన్ల ధ్వని గ్రాఫులను ప్రింటు తీయించి నాకు పంపుటయు చూచి కొంత నవ్వుకొంటిని, కొంత సంతసించితిని. వీటిలో ఏది గొప్పదని అడిగితివి. ఆ ప్రశ్నకు ఒక్కమాటలో బదులు చెప్పగల వర్తకులు ఊరూర కలరు గాని నేను చెప్పలేను. ఏలయన, ఈ వస్తువులయందు గుణము ఏ కొమ్మన కాచినదో దోషము కూడ ఆ కొమ్మననే కాచినది, ఒకదానిని కోసికొని రెండవదానిని చెట్టుననే విడిచి వచ్చుటకు వీలులేదు.

నా బల్లమీద ఏండ్ల తరబడిగా ఉన్న సెన్‌హైజర్ హెచ్‌డి 600 సంగతి మొదట చెప్పెదను. అది 1997లో వచ్చిన వస్తువు. తీగచుట్ట అంటించిన పలుచని పొర అయస్కాంతక్షేత్రమున కదలి గాలిని నెట్టుట దాని పద్ధతి. మన ఇంటి లౌడ్‌స్పీకరు పద్ధతియు ఇదియే. గాత్రము వినుటకు నా యెరుకలో దీనిని మించినవి మిక్కిలి తక్కువ. బాలమురళీకృష్ణగారు పైస్థాయినుండి దిగుచు ఒక్క స్వరముపై నిలిచి ఊపిరి మార్చుకొను చోట, ఆ ఊపిరికిని స్వరమునకును నడుమ నున్న వెంట్రుకవాసి యెడము ఇందు తేటగా తెలియును. కాని మృదంగ విద్వాంసుడు ఎడమ మూతపై అరచేతి అడుగుభాగమును ఒత్తి జార్చి గుంకి తీసినపుడు, ఆ నాదము వినబడునే గాని దాని బరువు ఛాతీకి తగలదు. సుమారు 60 హెర్ట్జుల దిగువకు పోయిన కొలది దీని ధ్వని సన్నగిల్లును. కచేరీ యంతయు ఒక చిన్న గదిలో, నుదుటికి దాపున జరుగుచున్నట్లుండును. అయినను ప్యాడ్లు, తీగ, తలపట్టీ, ఏది చెడినను దానిని మాత్రమే మార్చుకొనవచ్చును. నేను ప్యాడ్లు రెండుమారులు మార్చితిని. నురుగు అణగినచో పొర చెవికి దగ్గరయై ధ్వని స్వభావమే మారును. ఈ సంగతి యెరుగనివారు హెడ్‌ఫోన్ ముసలిదైనదని దానిని పారవేసి క్రొత్తది కొందురు.

ఆ సెన్‌హైజర్ సంస్థయే 2009లో హెచ్‌డి 800ను తెచ్చినది. పెద్ద పొరలయందు అంచులొకవిధముగ, నడుమభాగ మొకవిధముగ ఊగి శబ్దమును చెరచుట కలదు గనుక, దీనికి నడిమి భాగమునే తీసివేసి 56 మిల్లీమీటర్ల వలయముగా పొరను చేసిరి. ఆ వలయమును చెవికి ఎడముగా, కొంత ముందునకు, ఏటవాలుగా నిలిపిరి. చెవిదొప్పకు తన సహజమైన పని తాను చేసికొను చోటు చిక్కుటచే ధ్వని తలలోనుండి గాక ఎదుటి వేదికనుండి వచ్చుచున్నట్లు తోచును. తంబుర ఎంత వెనుకనున్నదో, వయొలిన్ గాయకునికి ఎంత దూరమున నున్నదో వ్రేలితో చూపవచ్చును. దీని దోషమును శషభిషలు లేకుండ చెప్పవలెనన్న, ఆ దోషము శషసలయందే ఉన్నది. 6000 హెర్ట్జుల దాపున నొక పొడుపు ఉండుటచే సకారము ఈలవలె చెవిని గీరును. 2016లో వచ్చిన హెచ్‌డి 800 ఎస్‌లో ఆ వలయపు నడిమి ఖాళీయందే అదనపు నాదమును పీల్చుకొను అమరిక చేసి ఆ పొడుపును తగ్గించిరి; పూర్తిగా పోయినదని మాత్రము నేను అనను. ద్వారం వేంకటస్వామి నాయుడుగారి పాత గ్రామఫోను రికార్డులను దీనియందు వినుట నాకు మనస్కరింపదు. ఆ రికార్డులయందు మిక్కిలి హెచ్చు స్థాయి ధ్వని అనదగినది సూది గరగర తప్ప ఇంచుమించు మరేమియు లేదు. ఈ హెడ్‌ఫోన్ ఆ గరగరనే భక్తితో వినిపించును.

నీవు మెచ్చిన ప్లేనార్ జాతి మార్గము వేరు. ఇందు తీగచుట్ట లేదు. పలుచని ఫిల్ముమీద లోహపు గీతలను పరచి, దానిని అయస్కాంతముల బారుల చెంత బిగింతురు. నెట్టుడు ఒక్క చోటనే గాక పొర అంతటను పడుటచే అది ఒక్కపెట్టున కదలును. గుంకికి బరువు వచ్చును, అట్టడుగు మంద్రము వరకు ధ్వని తరుగదు. ఇది నిన్నటి విద్య కాదు. 1976లోనే జపానులో యమహా హెచ్‌పి-1 అను పేర ఇట్టిదానిని అమ్మినది. తరువాత చాలకాలము మరుగుపడి, 2010కి ఇటునటుగా అమెరికాలో ఆడిసీ ఎల్‌సిడి-2 వంటివాటితో మరల వెలుగులోనికి వచ్చినది. ఏ అయస్కాంతముల బారులు ఆ మంద్రమును ఇచ్చుచున్నవో అవియే మెడను వంచును. హెచ్‌డి 800 ఎస్ 330 గ్రాములు తూగగా, ఈ జాతిలో అరకిలో దాటినవి పెక్కు కలవు. రాగము, తానము, పల్లవి అంతయు వినదలచినవానికి మొదటి గంటలో తెలియని ఆ తూకము రెండవ గంటలో తెలియును. నీవు కళ్లజోడు పెట్టుకొందువు గనుక మరియొక మాట: ప్యాడుకును చెంపకును నడుమ కళ్లజోడు కాడ సందు చేసినచో, నీవు ధనము పోసి కొన్న మంద్రము ఆ సందులోనుండియే జారిపోవును.

ఈ జాతిలో కొన్నింటికి ఆకలి కూడ మెండు. హైఫైమాన్ సుస్వర అనునది ఒక మిల్లీవాటుకు 83 డెసిబెల్స్ మాత్రమే పలుకును; 2016లో ఫ్రాన్సునుండి వచ్చిన, బెరీలియం పొర గల ఫోకల్ యుటోపియా అదే మిల్లీవాటుకు 104 పలుకును. వ్యత్యాసము 21 డెసిబెల్స్. లెక్క కట్టి చూడుము: రెండింటిని ఒకే బిగ్గఱతనమున వినవలెనన్న మొదటిదానికి నూటికి పైగా రెట్లు విద్యుత్తు పోయవలెను. పేరు సుస్వరమే గాని, ల్యాప్‌టాప్ రంధ్రమున గ్రుచ్చినచో నీరసముగా మూలుగును. అపుడు నింద దానిపై మోపుట అన్యాయము.

ఇక మూడవ జాతి ఎలక్ట్రోస్టాటిక్. జపానులోని స్టాక్స్ సంస్థ 1960లోనే దీనిని అమ్మకమునకు పెట్టినది; వారు దీనిని హెడ్‌ఫోన్ అనక ఇయర్‌స్పీకర్ అందురు. కొద్ది మైక్రాన్ల మందము గల పొరపై విద్యుదావేశము నిలిపి, ఇరువైపుల రంధ్రముల పలకలు పెట్టి లాగింతురు. నేటి వారి పరికరములకు ఆ నిలుపుడు వోల్టేజి 580. తీగచుట్ట బరువైనను లేని ఆ పొర తలచినంతనే కదలును, తలచినంతనే ఆగును. ఈమని శంకరశాస్త్రిగారి వీణను దీనియందు ఒక్కమారు వినుము. గోరు తీగను తాకిన చప్పుడు వేరు, తీగ పలికిన నాదము వేరు, మెట్టుమీద వ్రేలు తీగను ప్రక్కకు లాగునపుడు కలుగు రాపిడి వేరు; ఇతర హెడ్‌ఫోన్లయందు ఈ మూడును ఒక్క మీటుగా కలిసి వినబడగా ఇందు మూడును మూడుగా నిలుచును. అంత తేలికైన పొరకు దెబ్బలోని మొత్తుడు మాత్రము అంతగా పట్టుపడదు. మృదంగము స్పష్టముగా ఉండును గాని చర్మముపై చేయి పడినట్లుండదు. ప్రత్యేకమైన యాంప్లిఫయర్ లేనిదే పలుకదు గనుక దానిని కొన్నవాడు గదిలో ఒక మూలకు కట్టుబడి ఉండవలెను. దుమ్ము, తేమ ఆ పొరకు శత్రువులు; మా సముద్రతీరపు గాలిలో దానిని పెంచుట పసిబిడ్డను పెంచుట వంటిది.

నేను చేసిన ఒక తప్పు చెప్పెదను, నీవు చేయకుందువు గాక. పదిహేనేండ్ల క్రిందట చెన్నపట్టణమున ఒక దుకాణములో రెండు హెడ్‌ఫోన్లను మార్చి మార్చి పెట్టుకొని, రెండవదానియందు వయొలిన్ ఎంతో జీవముతో ఉన్నదని మురిసి కొనితెచ్చుకొంటిని. ఇంటికి వచ్చిన వారమునకు గాని తెలియలేదు, అది జీవము కాదు, బిగ్గఱతనము: ఒకే మీటపై అది మొదటిదానికంటె హెచ్చుగా పలికినది, అంతే. ఒక్కటి రెండు డెసిబెల్స్ హెచ్చినను చెవి దానిని బిగ్గఱ అనదు, బాగు అనును. కావున రెండింటిని సరిపోల్చుటకు ముందు ధ్వనిమట్టమును మీటరుతో సమము చేయుము. అది చేయక చెప్పిన అభిప్రాయము నీదైనను, నాదైనను లెక్కలోనికి రాదు.

నీ గ్రాఫుల మాట. 3000 హెర్ట్జుల వద్ద లేచిన గుట్టకు ఎర్రసిరాతో సున్న చుట్టి దోషమని వ్రాసితివి. అది దోషము కాదు నాయనా, నీ చెవి. చెవి రంధ్రము వేణువువలె తనకు తానే ఆ ప్రాంతమున అనునదించును. ఎదుట కూర్చున్న మనిషి మాట కూడ నీ కర్ణభేరికి ఆ గుట్టతోడనే చేరును. కృత్రిమపు చెవికి తొడిగి కొలిచిన గీత చదునుగా వచ్చినచో దానియందు గాత్రము దుప్పటి కప్పుకొన్నట్లు వినబడును. 8000 హెర్ట్జులకు పైన ఆ గీతలోని ముళ్లను చూచి బెదరకుము. అచట నీ చెవి వేరు, యంత్రపు చెవి వేరు.

నీవు వినునది గాత్రము, రాత్రివేళ, ముప్పావు గంటసేపు. కావున హెచ్‌డి 600 కొనుము. దాని నిరోధము 300 ఓములు గనుక చిన్న యాంప్లిఫయర్ నొకదానిని జతచేయుము. వేలకు వేలు పోసి తీగలు కొనకుము, ఆ డబ్బుతో మదరాసు కచేరీలకు పొమ్ము. మంద్రము లేదని మనసు పీకినచో రెండేండ్ల తరువాత ప్లేనారు మాట చూతము. నీ గదిలో నిద్రించు స్నేహితునికి మాత్రము ముందుగా చెప్పి ఉంచుము: నేను పైన పేర్కొన్నవన్నియు వెనుక తెరచి ఉండు జాతి, నీవు వినునది అతడును వినును. సెన్‌హైజర్ వారు 1968లో హెచ్‌డి 414తో ఈ తెరచు పద్ధతిని మొదలిడిరి. లోపలి ధ్వని బయటికి పోవుటయే గాక బయటి మాట లోనికి వచ్చుట వలన, మీ నాయనమ్మ వంటింటినుండి పిలిచినపుడు వినబడలేదని చెప్పు అవకాశము నాకు నేటివరకు చిక్కలేదు.

సంక్రాంతికి వచ్చునపుడు నీ స్నేహితుని ప్లేనారును రెండు పూటలకు ఎరువు తెమ్ము. మీటరు నా వద్ద ఉన్నది.

ఇట్లు,
తాతయ్య