గోవా వెళ్తున్న మేనల్లుడికి

రాజమహేంద్రవరం,
కనుమ వెళ్లిన వారం.



నీ మెసేజీ చూశాను. ఆఫీసు స్నేహితులతో గోవా వెళ్తున్నామనీ, మాండవి నదిలో కాసినో ఓడ ఎక్కుతామనీ రాసి, "ఏ ఆటలో మనకి ఛాన్సు ఎక్కువ మావయ్యా, లెక్కల మేష్టారివి కదా, చెప్పు" అన్నావు. వెళ్లొద్దని నీతులు రాయను. సంపాదించుకుంటున్న వాడివి, నీ డబ్బు నీ ఇష్టం. అడిగింది లెక్క కాబట్టి లెక్కే చెబుతాను. ఫోన్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

ముందు మన ఊళ్ల ఆటతో మొదలెడతాను. మొన్న పండక్కి మీ బృందమంతా భీమవరం వైపు కోడిపందేల బరులు చూసొచ్చారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి మన గేమింగ్ చట్టం రెండూ కాదంటున్నా, 2016లో హైకోర్టు గట్టిగా చెప్పినా ఆ మూడ్రోజులూ జనం ఆగరు. అందరి కళ్లూ డేగ పుంజు మీదా నెమలి పుంజు మీదా ఉంటాయి. నువ్వు చూడాల్సింది పక్కన టెంటు కింద ఉన్న గుండాట బల్ల. ఆ బల్ల వేసుకునే చోటు కోసం వేలంపాటలో లక్షలు పోస్తారని ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. మూడు రోజుల ఆట కోసం అంత డబ్బు ముందే కట్టేవాడు ఏ ధైర్యంతో కడుతున్నాడు?

పద్ధతి ఊరూరికీ మారుతుంది గానీ, మూడు పాచికల ఆట తీసుకుందాం. ఆరు గళ్లు, మూడు పాచికలు. నువ్వు కాసిన గడి ఒక పాచిక మీద పడితే రూపాయికి రూపాయి, రెండిటి మీద పడితే రెండు, మూడిటి మీదా పడితే మూడు. కాసిన రూపాయి ఎలాగూ వెనక్కి వస్తుంది. ఆరు గళ్లకి మూడు పాచికలంటే సగానికి సగం ఛాన్సు కదా అని మీలో ఎవడో ఒకడు అని తీరతాడు. ఆరుగురు ఆరు గళ్ల మీదా తలో వంద పెట్టారనుకో. బల్ల మీద 600 ఉంది. మూడు పాచికలూ మూడు వేరువేరు గళ్లు చూపిస్తే ముగ్గురికి 200 చొప్పున ఇవ్వాలి, 600 చెల్లు. బల్లవాడికి లాభమూ లేదు, నష్టమూ లేదు. రెండు పాచికలు ఒకే గడి చూపిస్తే ఆ గడివాడికి 300, మూడో పాచిక చూపించిన వాడికి 200, వెరసి 500. మిగిలిన వంద బల్లవాడిది. మూడూ ఒకటే పడితే ఒక్కడికి 400 ఇచ్చి 200 మిగుల్చుకుంటాడు.

ఇక్కడే ఉంది కిటుకు. జత పడగానే చుట్టూ ఉన్న జనం డబులొచ్చిందని కేకలేస్తారు. సరిగ్గా ఆ కేకల మధ్యే బల్లవాడి డబ్బాలో వంద పడుతుంది. మూడు పాచికలు పడే తీరులు మొత్తం 216. అందులో 120 చెల్లుకి చెల్లు, 90 జతలు, 6 మూడూ ఒకటే. సగటు తీస్తే వందకి 7 రూపాయల 87 పైసలు బల్ల వాటా. అదీ వేలంపాట వెనకున్న ధైర్యం. ఇంగ్లీషు నావికులు క్రౌన్ అండ్ యాంకర్ పేరుతో ఆడింది ఈ లెక్కే.

ఇప్పుడు నీ ఓడ ఎక్కుదాం. రౌలెట్ చక్రానికి సున్నా నుంచి 36 దాకా 37 గళ్లు. నీ అంకె పడితే 35 రెట్లిస్తారు. అన్ని అంకెల మీదా వంద చొప్పున పెడితే 3,700 అవుతుంది. ఏ అంకె పడినా నీ చేతికొచ్చేది 3,600. వాటా 2.7 శాతం. కొన్ని చక్రాలకి రెండు సున్నాలుంటాయి, అప్పుడు వాటా 5.26కి పెరుగుతుంది. కూర్చునే ముందు సున్నాలు లెక్కపెట్టు.

మన లోనా బయటా కూడా అక్కడ అందర్ బాహర్ పేరుతో పెద్ద బల్ల మీద ఆడిస్తారు. మొదటి ముక్క ఏ వైపు వేస్తారో ఆ వైపు గెలిచే అవకాశం నూటికి 51.5. అందుకే ఆ వైపు గెలిస్తే వందకి 90 ఇచ్చి, రెండో వైపుకి వందకి వంద ఇచ్చే పద్ధతి ఉంది. అలా ఇచ్చే బల్లయితే మొదటి ముక్క వైపు వాటా 2.15, రెండో వైపు 3. వందకి వంద ఇస్తున్నారు కదా అని రెండో వైపు వెళ్లేవాడు ఎక్కువ పోగొట్టుకుంటాడు.

బకారాలో బ్యాంకర్ వైపు కాస్తే, గెలుపు మీద వాళ్లు పట్టుకునే 5 శాతం కమీషన్ పోను, వాటా 1.06 మాత్రమే. ప్లేయర్ వైపు 1.24. అదే బల్ల మీద "టై" అని ఒక గడి ఉంటుంది, ఎనిమిది రెట్లని ఊరిస్తుంది, దాని వాటా 14 శాతం దాటుతుంది. గుండాటే నయం. అన్నిటికన్నా తక్కువ వాటా బ్లాక్‌జాక్‌లో. ఏ చేతికి ముక్క అడగాలి, ఏ చేతికి ఆగాలి అన్న పట్టిక బట్టీపట్టి, దాన్ని తప్పకుండా ఆడితే దాదాపు అర శాతం. పడిన ముక్కలు గుర్తుపెట్టుకుని ఆడి గెలవొచ్చని ఎడ్వర్డ్ థోర్ప్ అనే లెక్కల మేష్టారు 1962లో పుస్తకమే రాశాడు. కాసినోలు ఆ పుస్తకం మనకంటే ముందే చదివాయిలే. నువ్వు ఒక్కటి చూడు. తొలి రెండు ముక్కలకే 21 వస్తే వందకి 150 ఇస్తున్నారా, 120 ఇస్తున్నారా అన్నది బల్ల మీదే రాసి ఉంటుంది. 120 అయితే వాటా ఇంకో 1.4 శాతం పెరిగినట్టే. లేచి వచ్చెయ్.

నువ్వు అడిగిన దానికి జవాబు ఇంతటితో అయిపోయింది. అడగనిది ఇప్పుడు చెబుతాను, నా దృష్టిలో ముఖ్యమైనది అదే. ఈ శాతాలు నువ్వు జేబులో పెట్టుకెళ్లిన డబ్బు మీద లెక్క కావు, బల్ల మీద తిప్పిన డబ్బు మీద లెక్క. పదివేలు పట్టుకెళ్లి, పందేనికి 500 చొప్పున గంటకి 40 సార్లు రౌలెట్ ఆడావనుకో. గంటలో నువ్వు కాసింది 20,000. దాని మీద 2.7 శాతం అంటే 540. నాలుగు గంటలు కూర్చుంటే సగటున రెండు వేల పైచిలుకు పోతుంది. గట్టుకి పడ్డ చిన్న గండి లాంటిదది. గండి ఎంతుందని కాదు, ఎంతసేపు వదిలేశామని చూడాలి. తిండీ మందూ టిక్కెట్లోనే కలిపి, పాటలు పెట్టి మర్యాద చేసేది నువ్వు కుర్చీలోంచి లేవకూడదనే.

ఇంకో లెక్క చూడు. పదివేలని ఇరవై వేలు చెయ్యాలని నీ కోరిక. రౌలెట్‌లో ఎరుపు మీద మొత్తం ఒకేసారి పెడితే నెగ్గే అవకాశం 37లో 18, అంటే నూటికి 48.6. అదే డబ్బుని వెయ్యి చొప్పున, రెట్టింపయ్యే దాకానో మొత్తం పోయే దాకానో ఆడితే నూటికి సుమారు 37. జాగ్రత్తపరుడిలాగా వంద చొప్పున ఆడావనుకో, 224 మందిలో ఒక్కడు గట్టెక్కుతాడు. చక్రం అదే, వాటా అదే. మారిందల్లా ఎన్నిసార్లు ఆడావన్నదే. చిన్న చిన్న పందేలు క్షేమం అనుకోవడం కాలక్షేపం వరకూ నిజం, గెలుపు విషయంలో పూర్తిగా తిరకాసు. పదివేలూ ఒక్కసారే పెట్టమని నేను చెప్పడం లేదు. అలా పెట్టినా నీ ఛాన్సు సగానికి దిగువేనని చెబుతున్నాను.

ఈ సంగతి మన ఊరికి కొత్తేమీ కాదు. ఇక్కడే రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ్య గారు సభాపర్వం తెనిగించారు, అరణ్యపర్వంలో నలుడి కథా తెనిగించారు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి రథం తోలాడు. దారిలో ఆ రాజు ఒక తాండ్ర చెట్టు చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చూపుతోనే చెప్పేశాడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి లెక్కపెట్టుకున్నాకే నమ్మి, తన అశ్వవిద్య ఇచ్చి ఆయన దగ్గర అక్షవిద్య నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో పాచికలు ఆ తాండ్ర కాయలే. తర్వాత తనని ఓడించిన పుష్కరుడితో మళ్లీ కూర్చుని ఒక్క పందెంతో రాజ్యం తెచ్చుకుని ఆట ముగించాడు. సభాపర్వంలో ధర్మరాజు పందెం మీద పందెం ఒడ్డుతూ పోయాడు, ఏం జరిగిందో నీకు తెలుసు.

పన్ను సంగతి మీ స్నేహితులెవరూ పట్టించుకుని ఉండరు. కాసినో చిప్స్ మీద 2023 అక్టోబరు నుంచి 28 శాతం జీఎస్టీ, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40. ఆ పన్ను చిప్స్ ధరలోనే కలిపి తీసుకుంటే, పదివేలిచ్చిన వాడి చేతికి 7,143 రూపాయల చిప్సే వస్తాయి. అలాంటప్పుడు అర శాతం ఆట, ఒక శాతం ఆట అని వెతకడం వృథా ప్రయాస. కాబట్టి కౌంటర్ దగ్గర మొదట ఆ ప్రశ్న అడుగు. గెలిచిన డబ్బు మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే. పోయిన డబ్బుని అందులోంచి తగ్గించనివ్వరు. ఇంకో ముచ్చట విను. 2020 ఫిబ్రవరి నుంచి గోవా ప్రభుత్వం తన సొంత జనాన్ని ఆ కాసినోల్లో ఆడనివ్వడం లేదు. అవి మనలాంటి వాళ్ల కోసమే నడుస్తున్నాయి.

పేకాటలో తెలివి ఉంది కదా అంటావేమో. నిజమే, రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆటేనని మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే 1967 చివర్లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కానీ ఆ తెలివి నీకే ఉండాలి, ఎదుటివాడికి ఉండకూడదు. ఇద్దరికీ సమానంగా ఉంటే మిగిలేది క్లబ్బువాడి కమీషనే. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటల జోలికి మాత్రం అస్సలు పోకు. వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. పైగా అక్కడ చక్రం తిరిగిందో లేదో నీకు కనపడదు.

వెళ్తే ఇలా చెయ్యి. పోయినా ఫరవాలేదనుకున్న మొత్తం ఒక్కటి జేబులో పెట్టుకో, కార్డు గదిలో వదిలెయ్. బ్లాక్‌జాక్ పట్టిక వచ్చి ఉంటే ఆ బల్ల దగ్గర, లేకపోతే బకారాలో బ్యాంకర్ వైపు, నెమ్మదిగా నడిచే బల్ల చూసి కూర్చో. టై జోలికీ స్లాట్ మెషీన్ల జోలికీ పోకు. పోయింది రాబట్టుకుందామని ఎవడైనా అంటే వాడికి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆ సాయంత్రానికి అయిన ఖర్చుని సినిమా టిక్కెట్టు ఖర్చులో రాసుకుంటే నీకే బాధా ఉండదు.

గోవా సంగతి ఇంట్లో నేనేమీ చెప్పలేదు. ఓడ సంగతి మీ అమ్మకి నువ్వే చెప్పుకో. మా అక్క దగ్గర నీకున్న ఛాన్సు ఎంతో లెక్కగట్టే విద్య ఋతుపర్ణుడికీ తెలియదు.

ఇట్లు
మీ మావయ్య